గేజ్ చూడకుండా వాల్వు విప్పొద్దు: ప్రొస్టేట్ ఆపరేషన్‌కి ముందు నా అనుభవం

భోగి నాడు రాత్రి, 2025 జనవరి 13న, పదకొండు దాటాక ఒంటేలుకి లేచాను. రాలేదు. పడుకున్నాను. అరగంటకి మళ్ళీ లేచి, కుళాయి విప్పి పెట్టుకుని, గోడకి చెయ్యి ఆన్చి పావుగంట నిలబడ్డాను. రెండు చుక్కలు పడ్డాయి. ఒంటిగంట అయ్యేసరికి బొడ్డు కింద కొబ్బరికాయ పెట్టినట్టు గట్టిపడిపోయింది. ఒడిశాలోని మా రాయగడలో చలికాలం రాత్రి, నాకేమో ఒళ్ళంతా చెమట. మా ఆవిడ ఎదురింటి ఒడియా కుర్రాణ్ణి లేపితే వాడు ఆటో తీశాడు.

క్యాజువాలిటీలో నర్సు "పరిస్రా కేతేబేళు బంద్?" అని అడిగింది. ఒంటేలు ఎప్పటినుంచి ఆగిందీ అని. ముప్ఫై ఏళ్ళు ఒడియాలోనే ఉద్యోగం చేసినవాణ్ణి, ఆ నొప్పిలో నా నోటికి తెలుగు తప్ప ఏమీ రాలేదు. "అమ్మా, ముందు పైపు వెయ్యి తల్లీ" అన్నాను. ఆవిడకి అర్థమైంది.

పైపు వేయగానే సంచిలోకి 1,100 మిల్లీలీటర్లు దిగింది. ఆ సుఖం ఎలాంటిదో పడినవాడికే తెలుస్తుంది. డ్యూటీ డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న: "జలుబుకి ఏమైనా మాత్రలు వేసుకున్నారా?" వేసుకున్నాను, మూడు రోజులు, మందుల షాపులో అడిగి తెచ్చుకుని. ప్రొస్టేట్ అంటే మగవాళ్ళకి మూత్రాశయం (బ్లాడర్) కింద, మూత్రం దారి చుట్టూ ఉండే గ్రంథి. ముక్కు దిబ్బడ తగ్గించే మందు అది పెరిగినవాళ్ళకి మూత్రం దారిని ఇంకా బిగించేస్తుందట. ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పరు, అందుకే మొదటే రాసేస్తున్నాను. ఆ 1,100 అంకె కూడా గుర్తుంచుకోండి, దానితో తర్వాత పనుంది.

సంక్రాంతి, కనుమ, ముక్కనుమ అన్నీ లుంగీ కింద సంచితోనే గడిచాయి. ఎనిమిది రోజుల తర్వాత, జనవరి 21న పైపు తీశారు. మూత్రం వచ్చింది. రాత్రికి ఒక టామ్సులోసిన్ మాత్ర రాశారు, మూత్రం దారిని వదులుచేసే మందు. అది వేసుకున్న కొత్తలో మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, కాసేపు కూర్చుని లేవాలి. స్కానింగ్‌లో ప్రొస్టేట్ 48 గ్రాములు, ఒంటేలుకి పోయాక కూడా లోపల 260 మిల్లీలీటర్లు మిగిలిందని వచ్చింది. నాకు 66 ఏళ్ళు. సుగర్ వచ్చి 17 ఏళ్ళు.

ఫిబ్రవరి 3న ఆంధ్రా వైపు ఒక ఊళ్ళో సర్జన్‌కి చూపించాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు వద్దు. రిపోర్టు చూశాడు, "48 గ్రాములు, ఒకసారి ఆగిపోయింది కూడా, ఇంక ఆలోచించేదేముంది, వచ్చే వారం చేసేద్దాం" అన్నాడు. లోపల కూర్చున్నది ఐదు నిమిషాలు కూడా లేదు. సుగర్ ఎన్నేళ్ళనుంచి అని అడగలేదు. కౌంటర్‌లో 5,000 అడ్వాన్సు కట్టమన్నారు. మా ఆవిడ పర్సు తీసింది కూడా. ఏటీఎంకి వెళ్ళి వస్తానని చెప్పి బయటికి నడిచాను. ఎందుకు ఆగానో అప్పుడు నాకే తెలీదు. ఐదు నిమిషాల మనిషికి ఐదు వేలు ఇవ్వబుద్ధి కాలేదు, అంతే.

ఆ ఆదివారం పార్వతీపురం వెళ్ళాం, మా తోడల్లుడుగారింటికి. మా ఆవిడకి సొంత అక్క భర్త, నాకు అన్నయ్య. 72 ఏళ్ళు, ఆయనకీ సుగరే. మూడేళ్ళ క్రితం ప్రొస్టేట్ ఆపరేషన్ అయింది. బాగైపోయాడనే అనుకున్నాం, ఎప్పుడూ ఏమీ చెప్పలేదు కనక. నేను సంగతి చెప్పగానే ఆడవాళ్ళని వంటింట్లోకి పంపేసి పంచె పక్కకి తీశాడు. తొడకి కట్టిన సంచి.

"నెలకోసారి మార్పించుకుంటున్నాను తమ్ముడూ. ఆపరేషన్ బాగానే అయిందన్నారు. పైపు తీస్తే రాదు, పెడితేనే వస్తుంది. నాలుగుసార్లు తీసి చూశారు. మీ వదినకి, నాకు, డాక్టరుకి తెలుసు. ఇప్పుడు నీకు."

"ఆపరేషన్‌కి ముందు ఇంకేమైనా పరీక్ష చేశారా అన్నయ్యా?"

"స్కానింగ్. రక్తం. గుండెకి ఈసీజీ. బ్లాడర్‌కేటి పరీక్ష?"

ఇక్కడ నా ఉద్యోగం సంగతి ఒకటి చెప్పాలి. 31 ఏళ్ళు పట్టణ నీళ్ళ పంపుహౌస్‌లో ఆపరేటర్‌గా చేశాను. ఒక ఎండాకాలం కొండ పక్క కాలనీకి నీళ్ళు సన్నగా వస్తున్నాయని గొడవ. కొత్తగా వచ్చిన ఇంజినీరు లైను మధ్యలో ఉన్న పాత వాల్వు పట్టేసిందని నిర్ణయించి, రోడ్డు తవ్వించి కొత్త వాల్వు వేయించాడు. నీళ్ళు అంతే సన్నగా వచ్చాయి. అప్పుడు పంపు దగ్గర ప్రెషర్ గేజ్ చూశారు. ముల్లు సగానికి కూడా లేవట్లేదు. పంపులో ఇంపెల్లర్, అంటే నీళ్ళని తోసే చక్రం, అరిగిపోయింది. కొళాయి దగ్గర ధార సన్నగా ఉందంటే దారి బిగిసి ఉండొచ్చు, తోసే బలమే లేకపోవచ్చు. ధారని చూసి రెంటికీ తేడా చెప్పలేం. ఆ ముక్క కుర్ర హెల్పర్లకి నేనే పాఠం చెప్పేవాణ్ణి. నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను.

ఫిబ్రవరి 17న విశాఖపట్నం. రాయగడ నుంచి రైల్లో నాలుగు గంటల పైచిలుకు. బాత్రూమ్ పక్క సీటు కావాలని అడిగి మరీ తీసుకునే ప్రయాణికుణ్ణి బోగీ మొత్తానికి నేనొక్కణ్ణే. టికెట్ బుక్ చేసిన కుర్రాడు రెండుసార్లు అడిగాడు, "అక్కడ వాసనండీ" అని.

ఈ యూరాలజిస్టు స్కాన్ కాగితం ముట్టుకోకుండా ముందు నన్ను అడిగాడు. సుగర్ ఎన్నేళ్ళు, అరికాళ్ళు మొద్దుబారుతున్నాయా, మలబద్ధకం ఉందా, నడుముకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఒంటేలు వస్తోందని ముందే తెలుస్తుందా లేక టైం అయిందని వెళ్తారా. ఆఖరి ప్రశ్నకి కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. నిజమే, పగలు నేను టైం చూసుకునే వెళ్తున్నాను. ఎప్పటినుంచో గుర్తులేదు. ఫోర్కులాంటి ఇనుప పనిముట్టు మోగించి నా కాలి బొటనవేలి మీద పెట్టి "జుమ్మంటోందా?" అన్నాడు. ఏమీ అనట్లేదు. వెనక నుంచి వేలు పెట్టి ప్రొస్టేట్ చూశాడు, సిగ్గు తప్ప నొప్పేమీ ఉండదు.

అప్పుడు అడిగాడు, "ఆ రోజు పైపు వేస్తే ఎంత దిగింది?"

1,100 అన్నాను. పెన్ను కింద పెట్టాడు.

"లీటరు దాటేదాకా సాగిన బ్లాడర్, 17 ఏళ్ళ సుగర్, మొద్దుబారిన కాళ్ళు. ప్రొస్టేట్ అడ్డం ఉంది, సరే. కానీ బ్లాడర్ కండకి నెట్టే శక్తి ఎంత మిగిలిందో తెలీకుండా నేను కొయ్యను. యూరోడైనమిక్స్ చేయిద్దాం."

"అంటే ఫ్లో మీటరూ ప్రెషర్ గేజూ కలిపి పెడతారన్నమాట" అన్నాను. ఆయన నవ్వి, ఏం పని చేసేవారని అడిగాడు.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే వాడు రాత్రంతా చదివి పొద్దున్నే తగులుకున్నాడు. "నాన్నా, ఇంగ్లండులో 26 ఆసుపత్రుల్లో 820 మంది మగవాళ్ళ మీద చేసిన స్టడీ 2020లో వచ్చింది. అందరికీ ఈ పరీక్ష చేసినా ఆపరేషన్లేమీ తగ్గలేదట. డబ్బు కోసం చెప్తున్నాడేమో." అదే మాట డాక్టర్‌తో అన్నాను. ఆయనేం కోపగించుకోలేదు. "మీవాడు చదివింది కరెక్టే. ధార సన్నం, ప్రొస్టేట్ పెద్దది, ఇంకే రోగం లేదు, అలాంటి పేషెంటుకి నేనూ రాయను. మీ కేసులో అనుమానం ఉంది కనక రాస్తున్నాను" అన్నాడు. ఆ జవాబుతో నాకు నమ్మకం కుదిరింది.

పరీక్షకి ముందు మూడు రోజులు డైరీ రాయమన్నారు. ఎన్నింటికి వెళ్ళాను, ఎంత వచ్చింది, ఎంత నీళ్ళు తాగాను. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు 60 రూపాయలు. పాలవాడి లెక్క రాసే నోటుపుస్తకంలో వెనక పేజీలు మా ఆవిడ దీనికి కేటాయించింది. నేను బాత్రూమ్‌లోంచి అంకె అరవడం, ఆవిడ వంటింట్లోంచి "నూట పదేనా, నూట ఇరవయ్యా?" అని అరవడం. రాత్రి పూట ఐదుసార్లు లేస్తున్నానని కాగితం మీద చూశాకే నమ్మాను, మూడు అనుకునేవాణ్ణి. రాత్రి రెండున్నరకి ఆవిడ రాసిన అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. అంటే ఆవిడా అన్నేళ్ళుగా నాతోపాటే లేస్తోందన్నమాట.

ఫిబ్రవరి 24కి పరీక్ష టైమిచ్చారు. తెల్లవారకుండా బయల్దేరి వెళ్తే, 17న ఇచ్చిన యూరిన్ కల్చర్‌లో (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) ఇన్‌ఫెక్షన్ వచ్చిందని, ఇవాళ చేయకూడదని చెప్పారు. ఇన్‌ఫెక్షన్ ఉండగా పైపులు పెడితే అది రక్తంలోకి ఎక్కుతుందట. సరే, కారణం న్యాయమైనదే. రిపోర్టు 20వ తేదీనే వచ్చి కూర్చుంది, ఒక్క ఫోన్ చెయ్యలేదు. రిజిస్టర్‌లో నా నంబరు ఉంది, చూపించాను. కౌంటర్లో అమ్మాయి సారీ చెప్పింది. రైలు, ఆటోలు, ఇద్దరి భోజనాలు కలిపి 1,900 ఎగిరిపోయాయి. ఎనిమిది రోజులు పైపు ఉన్నవాడికి ఇన్‌ఫెక్షన్ ఉండకపోతేనే వింత. మీరైతే మీ ఊళ్ళోనే ఐదారు రోజుల ముందు కల్చర్ ఇచ్చి, రిపోర్టు చేతికొచ్చాకే రైలెక్కండి. వారం రోజులు యాంటీబయాటిక్, మళ్ళీ కల్చర్, ఈసారి రాయగడలోనే. శుభ్రంగా వచ్చింది.

మార్చి 6. పరీక్ష రోజు.

ముందు రోజు రాత్రి విరేచనానికి మందు ఇచ్చారు. పొద్దున ఇడ్లీ తినొచ్చన్నారు. మాత్రల్లో ఏవి ఆపాలో, ఏవి వేసుకోవాలో ముందే కాగితం మీద రాయించుకున్నాను. ఆ రోజు బ్లాడర్ నిండేదాకా నీళ్ళు తాగి రమ్మన్నారు. గదిలో మధ్యకి కన్నం ఉన్న కుర్చీ, దాని కింద గరాటు, గరాటు కింద తూకం యంత్రం మీద ఓ జగ్గు. మొదట గదిలో నన్నొక్కణ్ణే వదిలి ఒంటేలు పొయ్యమన్నారు. 140 వచ్చింది. సెకనుకి గరిష్ఠం 7 మిల్లీలీటర్లు. యంత్రం కాగితం మీద గీసిన గీత గుట్టలా లేచి దిగాలట. నాది బల్లపరుపుగా సాగింది.

తర్వాత పరీక్ష చేసే అమ్మాయి వచ్చింది. మా మనవరాలి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. నా ముఖం చూసే ఉంటుంది, "అంకుల్, రోజూ ముగ్గురు నలుగురు వస్తారు, నాకేం కొత్త కాదు, మీరూ కొత్తగా ఫీలవకండి" అంది. మొద్దుబార్చే జెల్లీ వేసి, బాల్‌పెన్ రీఫిల్ కంటే కొంచెం లావు పైపు ఒంటేలు దారిలో పెట్టారు. ప్రొస్టేట్ దగ్గర ఒక్క క్షణం గిచ్చినట్టు అయింది. రెండో సన్న పైపు వెనక దారిలో. "అదెందుకమ్మా?" అన్నాను. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. మనం ముక్కితే పొట్ట ఒత్తిడి కూడా బ్లాడర్ మీద పడుతుంది. వెనక పైపు పొట్ట ఒత్తిడి కొలుస్తుంది, ముందు పైపు మొత్తం కొలుస్తుంది. మొత్తంలోంచి పొట్ట ఒత్తిడి తీసేస్తే బ్లాడర్ కండ సొంత బలం మిగులుతుంది. ఎన్నాళ్ళనుంచో ముక్కి ముక్కి పోసుకుంటూ, నా బ్లాడర్ బాగానే పనిచేస్తోందని నన్ను నేను మోసం చేసుకుంటున్నానన్నమాట. ఈ యంత్రాన్ని అలా మోసం చేయలేం.

నీళ్ళు, అంటే సెలైన్, పంపుతో మెల్లగా ఎక్కించడం మొదలుపెట్టారు. లోపల చల్లగా తెలుస్తుంది. ప్రతి నిమిషానికీ "దగ్గండి అంకుల్" అంటుంది. దగ్గితే తెర మీద రెండు గీతలు ఒకేసారి ఎగరాలి, అప్పుడే పైపులు సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో గ్యాస్ పోతే అది కూడా గీతగా పడింది. అమ్మాయి నవ్వాపుకుంది. నేనాపుకోలేకపోయాను.

"మొదటిసారి నిండుతున్నట్టు అనిపించగానే చెప్పండి" అంది. నేను చూస్తూ కూర్చున్నాను. 100. 200. 300. నాకేమీ తెలియట్లేదు. 380 దగ్గర ఏదో లీలగా అనిపించింది. మామూలు మనిషికి అంతకు చాలా ముందే తెలుస్తుందట. పగలు టైం చూసుకుని ఎందుకు వెళ్తున్నానో అక్కడ అర్థమైంది. నా లోపల సైరనే పాడైపోయింది. 620 దగ్గర ఇక చాలన్నాను.

"ఇప్పుడు పొయ్యండి. ముక్కకుండా."

రాలేదు. పైపులతో, గౌనుతో, కన్నం కుర్చీలో, అమ్మాయి ఎదుట. ఎలా వస్తుంది? ఆమె తెర లాగి వెనక్కి వెళ్ళి, మూల కుళాయి సన్నగా విప్పింది. జీవితమంతా నీళ్ళ చప్పుడు మధ్య బతికినవాణ్ణి, అదే ఆదుకుంది. నాలుగు నిమిషాలకి మొదలైంది. 250 వచ్చింది, 370 లోపలే ఉండిపోయింది. మొత్తం పరీక్ష 45 నిమిషాలు. ఖర్చు 4,800 రూపాయలు. ఆ రోజంతా ఒంటేలు మంట, మొదటి రెండుసార్లు గులాబి రంగు. మర్నాటికి సర్దుకుంది. జ్వరం వస్తే మాత్రం ఆగకుండా ఫోన్ చేయమన్నారు.

సాయంత్రం డాక్టర్ గీతల కాగితం తిప్పి వెనక పెన్నుతో లెక్క వేశాడు. ధార గరిష్ఠంగా ఉన్న క్షణంలో బ్లాడర్ ఒత్తిడి 54, ధార 6. ఒత్తిడిలోంచి ధారకి రెట్టింపు తీసేస్తే, 54 లోంచి 12 పోతే 42. అది 40 దాటితే దారికి అడ్డం ఉన్నట్టు. రెండో లెక్క, ఒత్తిడికి ధారని ఐదు రెట్లు చేసి కలపాలి, 54కి 30 కలిపితే 84. అది 100 కంటే తక్కువైతే కండ బలహీనంగా ఉన్నట్టు.

"అంటే వాల్వూ పట్టేసింది, పంపూ అరిగింది" అన్నాను.

"అరిగింది, ఆగిపోలేదు. ఆపరేషన్ వల్ల మీకు లాభం ఉంది. పాతికేళ్ళనాటి ధార మాత్రం రాదు. పైపు తీసిన మొదటిసారే ఒంటేలు రాకపోవచ్చు. కొన్నాళ్ళు మీరే పైపు పెట్టుకుని ఖాళీ చేసుకోవాల్సి రావచ్చు. వీటికి సిద్ధమైతే చేద్దాం." సిద్ధమా అని ఒక డాక్టర్ నన్ను అడగడం అదే మొదటిసారి. అడగడానికి సిగ్గుపడే ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు, ఆపరేషన్ తర్వాత వీర్యం బయటికి రాకుండా వెనక్కి, బ్లాడర్‌లోకి పోవడం మామూలేనని. మా ఆవిడ గోడ మీద క్యాలెండర్ చూస్తూ ఉండిపోయింది.

ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్ష కూడా మార్చిలోనే చేయించారు. పైపు ఉన్న రోజుల్లో చేస్తే ఎక్కువ చూపించి అనవసరంగా భయపెడుతుందట. 2.8 వచ్చింది, పర్వాలేదన్నారు. సుగర్ మూడు నెలల సగటు 9.1, అది దిగాలన్నారు. ఆపరేషన్ ఏప్రిల్ 22కి పెట్టారు. ఆ ఆరున్నర వారాలు రోజుకి రెండుసార్లు నేనే పైపు పెట్టుకుని బ్లాడర్ ఖాళీ చేసుకోవాలి, సాగిపోయిన కండకి కాస్త విశ్రాంతి దొరకడానికి.

నర్సు నేర్పింది. అక్కడ బాగానే చేశాను. ఇంటికొచ్చాక మొదటిసారి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది, చేతులు వణికాయి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, జెల్లీ పిసినారితనం లేకుండా రాయాలి, అంగాన్ని పైకి ఎత్తి పట్టుకోవాలి. లోపలికి కొంత దూరం పోయాక ప్రొస్టేట్ దగ్గర ఆగుతుంది. అక్కడే అందరూ కంగారుపడి తోస్తారు, రక్తం వస్తుంది. తోయకూడదు. అలాగే పట్టుకుని, నోటితో ఊపిరి పొడుగ్గా వదులుతూ ఆగితే దానంతటది దారి ఇస్తుంది. వారం తిరిగేసరికి ఐదు నిమిషాల పని అయిపోయింది. పైపు ఒక్కోటి యాభై రూపాయల లోపే. ఉగాది పచ్చడి తినేనాటికి రాత్రి లేవడం ఐదు నుంచి మూడుకి వచ్చింది, ఇంకా ఆపరేషనే కాలేదు.

డబ్బు సంగతి. మాది ఒడిశా రేషన్ కార్డు. మాట తెలుగు, పెళ్ళిళ్ళు పార్వతీపురంలో, వైద్యం విశాఖలో, కార్డు మాత్రం భువనేశ్వర్‌ది. ఆంధ్రా ఎన్టీఆర్ వైద్యసేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, మాకు రాదు, మా కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లదన్నారు. ఆపరేషన్‌కి, నాలుగు రోజుల గదికి, మందులకి కలిపి 82,000. అంతా చేతి డబ్బే. సరిహద్దులో ఉండేవాళ్ళు ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, మీ రాష్ట్రం కార్డు పేరు చెప్పి అడగండి. "కార్డు తీసుకుంటాం" అనే మాటకి వాళ్ళ అర్థం వేరే కార్డు.

ఆపరేషన్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నడుముకి మత్తు ఇంజెక్షన్, గంట చిల్లర, బయట కోత లేదు. 19 గ్రాములు తీశారు. ఆ రాత్రంతా బ్లాడర్‌లోకి సెలైన్ పోతూ, సంచిలోకి వస్తూ ఉంటుంది. ఎరుపు గులాబి అయి, గులాబి నీళ్ళ రంగు అయ్యేదాకా నేను నిద్రపోకుండా చూస్తూ ఉన్నాను. అలవాటు. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది.

ఏప్రిల్ 25 పొద్దున పైపు తీశారు. మధ్యాహ్నానికి చుక్క రాలేదు. పక్క మంచం ఆయన ధారగా పోసుకుని వచ్చి నాకు ధైర్యం చెప్పాడు. సాయంత్రానికి స్కాన్‌లో 400 ఉంది, మళ్ళీ పైపు వేశారు. మా అబ్బాయి కారిడార్‌లో డాక్టర్‌ని నిలదీయబోతే నేనే ఆపాను. "ఇది ముందే చెప్పిందే కదరా, కాగితం వెనక రాసుంది చూడు." మార్చి 6 కాగితం సంచిలోనే ఉంది. ఆ లెక్క లేకపోయుంటే ఆ సాయంత్రం నేనూ కొడుకూ కలిసి ఆ ఆసుపత్రిని ఏం తిట్టేవాళ్ళమో చెప్పలేను.

పైపుతోనే కారులో ఇంటికి వచ్చాం, 5,500. మే 2న మళ్ళీ విశాఖలో తీశారు. ఈసారి కుళాయి సాయం లేకుండానే 180 వచ్చింది, లోపల 110 మిగిలింది. పడుకోబోయే ముందు ఒక్కసారి సొంతంగా పైపు పెట్టుకోమన్నారు. రెండో వారంలో మలబద్ధకంతో ముక్కితే రక్తం గడ్డ ఒకటి పడింది, ప్రాణం పోయినంత పనైంది. ఫోన్ చేస్తే నీళ్ళు ఎక్కువ తాగి పడుకోమన్నారు, తగ్గిపోయింది. బిందె ఎత్తకండి, ముక్కకండి, నెల్లాళ్ళు స్కూటర్ ఎక్కకండి. జూన్ 20 చెకప్‌లో ధార 11, మిగులు 60. రాత్రి పైపు మానేయమన్నారు. ఇప్పుడు రాత్రి రెండుసార్లు లేస్తున్నాను. పగలు ఇంకా గడియారం చూసే వెళ్తాను, సైరన్ బాగవదన్నారు.

అన్నయ్య మొదట రానన్నాడు. "అయిపోయిందానికి పరీక్షేటి తమ్ముడూ" అన్నాడు. వదిన పట్టుబట్టింది. రథయాత్ర అయిన మూడో రోజు, జూన్ 30న, నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను. అదే గది, అదే అమ్మాయి, అదే కుళాయి. ఈసారి తెర ఇవతల నేను కూర్చున్నాను. 700 దాకా నింపినా ఆయనకేమీ తెలియలేదు. పొయ్యమంటే పొట్ట గీత ఎగిరింది. బ్లాడర్ గీత మాత్రం కరెంటు పోయినప్పటి గేజ్ ముల్లులా అలాగే పడుంది.

డాక్టర్ జాగ్రత్తగా మాట్లాడాడు. మూడేళ్ళ క్రితం ఈ కండ ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పలేమన్నాడు. ఇప్పుడైతే ఇంకెంత కోసినా దీనివల్ల రాదు, ఎప్పుడూ ఉండే సంచి మాత్రం తీసేయొచ్చు, తమ్ముడిగారు చేసినట్టే మీరే పైపు పెట్టుకోండి, మీకైతే రోజుకి నాలుగుసార్లు అన్నాడు. ఆ సాయంత్రమే నర్సు నేర్పింది. అన్నయ్య రెండోసారికే పట్టేశాడు, నాకంటే నయం.

తిరుగు రైల్లో ఇద్దరం బాత్రూమ్ పక్క సీట్లలో కూర్చున్నాం. విజయనగరం దాటాక అన్నయ్య చొక్కా జేబులోంచి గీతల కాగితం తీసి చూసి, మడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దీనికెంతయింది?"

"నాలుగు వేల ఎనిమిది వందలు అన్నయ్యా."

బొబ్బిలి దాటేదాకా ఆయన కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాడు.